ఆ ఏడుగురూ చదివిన రాత

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఒక పెద్దాయన గాజుపెట్టెలో కూర్చుని ఉంటాడు. లోపలున్నది ఆయన అస్థిపంజరమే, ఒంటి మీద ఆయన బట్టలే. తల మాత్రం మైనంతో చేసి పెట్టారు. ఆయన తత్వవేత్త జెరెమీ బెంథామ్, 1832లో పోయాడు. తన దేహాన్ని ఇలా ఉంచమని బతికుండగానే రాసిపెట్టాడు. వచ్చినవాళ్లు ఆ పెట్టె ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. అసలు ఆస్తి అక్కడ లేదు. అదే కాలేజీ దాచిన దాదాపు 60,000 ఫొలియోల్లో, అంటే రాతకాగితాల్లో, ఉంది.

చట్టం, జైళ్లు, పేదరికం, మతం, డబ్బు... ఆయన వేలుపెట్టని విషయం లేదు. ఒక గ్రంథం మొదలుపెట్టేవాడు, సగంలో ఇంకో ఆలోచన తగిలితే దాని వెంట పోయేవాడు. అచ్చుకు పంపేదాకా ఓపిక ఉండేది కాదు. రాత కోడి కెలికినట్టుండేది, ముసలితనంలో మరీను. ఒక వాక్యం కొట్టేసి దాని నెత్తిన ఇంకోటి, అదీ కొట్టేసి మార్జిన్‌లో మరోటి. ఏది ఉంచాడో ఏది వదిలాడో తేల్చడానికే ఒక పూట పట్టేది.

ఆయన పోయాక ఒక శిష్యుడు పదకొండు సంపుటాలు వేయించాడు గానీ, పండితులకు అవి తృప్తినివ్వలేదు. 1959లో కాలేజీవారు కొత్తగా సంపూర్ణ రచనలు తెద్దామని కమిటీ వేశారు. అలా యాభై ఏళ్లు నడిచింది. 2010 వచ్చేసరికి ఇంకా 40,000 ఫొలియోలు ఎవరూ ఎత్తిరాయకుండానే మిగిలాయి. ఈ లెక్కన మిగతాది పూర్తికావాలంటే మునిమనవల కాలం రావాల్సిందే.

కాగితాలకు ఫొటోలు తీయడం ఈ పనిలో సులువైన భాగం. మంచి కెమెరా, సరైన వెలుతురు, ఓపికగల మనిషి ఉంటే సాగిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఫొటో తీసిన పుట కంప్యూటర్‌కు ఒట్టి బొమ్మ. అందులో ‘జైలు’ అన్న మాట ఎక్కడుందో వెతకమంటే దానికి దిక్కుతోచదు. బొమ్మలోని గీతలను ఎవరో ఒకరు చదివి అక్షరాలుగా టైపు చెయ్యాలి. అచ్చు పుస్తకాలను చదివే సాఫ్ట్‌వేర్ అప్పటికే ఉంది. అది విడివిడి అక్షరాలను గుర్తుపట్టేది, కలిపిరాసిన చేతిరాత ముందు బోర్లాపడేది.

మనుషులే కావాలి, మరి ఎక్కడ దొరుకుతారు? ‘ట్రాన్స్‌క్రైబ్ బెంథామ్’ పుట్టింది ఈ ఇరకాటంలోంచే. 2010 సెప్టెంబర్‌లో తలుపులు తెరిచారు. వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్ మీదే ఒక ఆన్‌లైన్ రాతబల్ల ఏర్పాటు చేశారు. ఒకవైపు పుట బొమ్మ, ఇంకోవైపు టైపు చేసే పెట్టె. ఇది కొట్టివేత, ఇది పైన చేర్చింది, ఇది అంతుపట్టని మాట అని గుర్తుపెట్టడానికి బొత్తాలు. ఎవరైనా రావచ్చు, డిగ్రీ అక్కర్లేదు. చేసిన పుటను కాలేజీవారు సరిచూసి, బాగుంటే ఇంకెవరూ మార్చకుండా తాళం వేసేవారు.

మొదట్లో జనం పలచగానే వచ్చారు. ఆ డిసెంబర్ చివర న్యూయార్క్ టైమ్స్‌లో దీని మీద ఒక కథనం పడింది, ఒక్కసారిగా తాకిడి మొదలైంది. ఆరు నెలలకు లెక్క తీస్తే 1,200 మందికి పైగా పేరు నమోదు చేసుకున్నారు. వెయ్యి పైచిలుకు పుటలు తయారయ్యాయి. ఇక్కడిదాకా వింటే ‘పదిమంది చెయ్యేస్తే’ అనే మామూలు కథే అనిపిస్తుంది.

అసలు లెక్క వేరు. నమోదైనవాళ్లలో ఒక్క పుటైనా చేసింది సుమారు ఐదోవంతు మంది. వాళ్లలో ఎక్కువమంది ఒక్క పుటతోనే దండం పెట్టి వెళ్లిపోయారు. మొత్తం పనిలో 70 శాతం చేసింది ఏడుగురంటే ఏడుగురు. మన ఊళ్లలో పెళ్లిపందిట్లో వెయ్యిమంది భోజనానికి వచ్చినా వడ్డనకు నిలబడేది ఏడెనిమిదిమందే కదా, అలాగన్నమాట.

నాకు ఈ పథకం నడిపిన కాలేజీ జట్టు మీద గౌరవం పెరిగింది ఇంకోచోట. ‘మాగ్జిమైజ్’, ‘మినిమైజ్’ అనే మాటలు ఇంగ్లీషుకిచ్చినవాడు బెంథామే. ప్రతిదానికీ లాభనష్టాలు బేరీజు వెయ్యమన్నవాడు. ఆయన పద్ధతినే వాళ్లు తమ మీద ప్రయోగించుకున్నారు. వాలంటీర్లను చూసుకుంటూ కూర్చునే బదులు, తమ జీతగాళ్లే నేరుగా టైపు చేసుంటే ఆ కాలంలో ఇంతకంటే ఎక్కువ పుటలు అయ్యేవని లెక్కకట్టి, ఆ సంగతి దాచకుండా అచ్చువేశారు. సొంత పథకం గురించి ఇలా రాసుకునేవాళ్లు అరుదు.

అయినా ఆపలేదు, ఆపకపోవడమే మంచిదైంది. బెంథామ్ తాను ఊహించిన జైలు కోసం ఖైదీల వంటకాల దాకా రాసిపెట్టాడు. వాలంటీర్లు ఎత్తిరాస్తుంటే అవి బయటపడ్డాయి, 2015లో చిన్న వంటపుస్తకంగా వచ్చాయి. కానీ అసలు ఫలం ఎవరూ ఎదురుచూడని దిక్కునుంచి వచ్చింది.

2013లో ఐరోపా సమాఖ్య డబ్బుతో ‘ట్రాన్స్‌క్రిప్టోరియమ్’ అనే పథకం మొదలైంది. స్పెయిన్‌లోని వాలెన్సియా, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్, ఏథెన్స్, లైడెన్, లండన్ పరిశోధకులు కలిశారు. యంత్రం చేత చేతిరాత చదివించాలన్నది పంతం. యంత్రానికి చదువు చెప్పాలంటే పుట బొమ్మ చాలదు, దానికి సరైన జవాబు కూడా పక్కనే ఉండాలి. ఒకే చేతిరాతలో బొమ్మా జవాబూ జంటగా ఇన్ని పుటలు అంత తేలిగ్గా దొరకవు. బెంథామ్ కాగితాలకు దొరికాయి, వాలంటీర్లు టైపు చేసిపెట్టారు మరి. 2014లో చేతిరాత గుర్తింపు పరిశోధకులు పెట్టుకున్న అంతర్జాతీయ పోటీకి ప్రశ్నపత్రం ఆయన పుటలే: 433.

యంత్రం చదివే తీరు ఇది. అక్షరాలను విడదీయాలని అది చూడదు. ముందు పుటలో వరసలు ఎక్కడెక్కడున్నాయో కనిపెట్టి, ఒక్కో వరసను పట్టీలా కత్తిరించుకుంటుంది. పట్టీ మొత్తాన్నీ సరైన పాఠంతో పోల్చుకుంటూ ఏ వంపు తర్వాత ఏ వంపు వస్తే ఏ అక్షరమో నేర్చుకుంటుంది. అర్థం దానికి పట్టదు. ఒక చేతిరాత నేర్పడానికి సుమారు 5,000 నుంచి 15,000 మాటలు కావాలి. ఆ తర్వాత వంద అక్షరాల్లో ఐదారు తప్పులకు దిగితే మంచి ఫలితం కిందే లెక్క. ఈ పనే పెరిగి ఇన్స్‌బ్రుక్‌లో ‘ట్రాన్స్‌క్రిబస్’ అనే వేదిక అయింది. 2019 నుంచి దాన్ని ఒక సహకార సంఘం నడుపుతోంది.

మనుషులు మానేశారా అంటే, లేదు. 2020 నాటికి వాలంటీర్లు చేసిన పుటలు 20,000 దాటాయి. ముసలి బెంథామ్ రాత యంత్రాన్నీ ఏడిపించింది మరి.

మనకూ ఈ పని కొత్తది కాదు. బెంథామ్ లండన్‌లో కాగితాలు నింపుతున్న రోజుల్లోనే తెలుగునాట ఇంగ్లీషు అధికారి బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితులను పెట్టి, వేమన పద్యాల ప్రతులు తెప్పించి, ఒకదాంతో ఒకటి పోల్పించి ఎత్తిరాయించాడు. మన చిక్కులు వేరు. తాటాకుల్లో మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. కరణాల గొలుసుకట్టు రాతలో కలం ఎత్తకుండా వరసకు వరసే లాగేస్తారు. ఆ రాత తడుముకోకుండా చదివేవాళ్లు మన ఊళ్లలో ఇంకా కొందరున్నారు, ఎక్కువమంది పెద్దవయసువాళ్లే. మీ ఇంట్లో అలాంటి తాతగారుంటే, పాత దస్తావేజు ఒకటి ఫొటో తీసి ఆయన ముందు పెట్టండి. ఆయన చదువుతుంటే వరస తప్పకుండా, కొట్టివేతలు వదలకుండా టైపు చెయ్యండి. ఆ బొమ్మనూ ఆ పాఠాన్నీ జంటగా దాచండి. యంత్రానికి ఒక చేతిరాత నేర్పే ఆ 15,000 మాటలంటే ఓ యాభై అరవై పుటలు.