బుద్ధుడు ఎవరివాడు? హుస్సేన్‌సాగర్ విగ్రహం, బస్తీల బొమ్మ

1980ల నుంచి తెలుగు నేల మీద బుద్ధుడు మళ్ళీ రాతిలోకి, రంగుల్లోకి వచ్చిండు. ఈ రాకకు రెండు దారులున్నాయి: ఒకటి ప్రభుత్వాలది, ఇంకొకటి దళితులది. రెంటినీ కలిపి 'బౌద్ధ పునరుజ్జీవనం' అనేస్తే చరిత్ర సగమే చెప్పినట్టని మేము అంటున్నాం.

విద్యానగర్ నుంచి చిక్కడపల్లి దాటితే హుస్సేన్‌సాగర్ ఎంతో దూరం లేదు. నీళ్ళ మధ్య 58 అడుగుల ఏకశిలా బుద్ధుడు. న్యూయార్కులో స్వేచ్ఛా విగ్రహాన్ని చూసొచ్చిన ఎన్.టి. రామారావు 1985లో ఈ పని మొదలుపెట్టించారు. రాయి భువనగిరి దగ్గరి రాయగిరిది, శిల్పి గణపతి స్థపతి. 1990 మార్చి 10న సాగర్‌లో తరలిస్తుంటే విగ్రహం మునిగింది, దాంతోపాటు మనుషులూ పోయారు. 1992 డిసెంబరు 1న పైకి తీసి నిలబెట్టారు. విగ్రహం ఎత్తు అందరికీ తెలుసు. చనిపోయినవాళ్ళ పేర్లు ఎందరికి తెలుసు?

ఇవే ఏళ్ళను వాడల వైపు నుంచి చదవాలి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. శాంతిమూర్తి రాతిలో తయారవుతున్న కాలమే ఇది. ఆ హత్యాకాండల తర్వాత లేచిన ఉద్యమం అంబేడ్కర్‌ని వాడవాడకూ తెచ్చింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన పట్టిన బుద్ధుడు వెంటే వచ్చిండు.

అంతకు ముందూ ఉన్నాడు. ఆది హిందూ ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డివర్మ (1888–1939) ఈ నగరంలోనే బుద్ధ జయంతి జరిపించారు. అది పర్యాటకుల కోసం కాదు, అంటరానితనం మీద పోరాటం కోసం.

మంగోలియాలో 1930ల చివర పాలకులు తొలగించిన గందన్ ఆరామ మహావిగ్రహాన్ని 1996లో తిరిగి నిలబెట్టుకున్నారు. అక్కడ పోయింది తిరిగొచ్చింది. ఇక్కడ విగ్రహాలు పెరిగాయి, 2022లో నాగార్జునసాగర్‌లో బుద్ధవనమూ తెరిచారు. కులం మాత్రం పోలేదు.

బౌద్ధ గ్రంథాల ప్రకారం క్షురకుడు ఉపాలి శాక్య రాకుమారుల కంటే ముందు సంఘంలో చేరాడు, రాకుమారులు ఆయనకు మొక్కారు. వీధులూడ్చిన సునీతుడు భిక్షువయ్యాడు. ఏ బుద్ధుడి బొమ్మ చూసినా ఉపాలి, సునీతుడు అందులో ఎక్కడున్నారని అడగాలి.

చందాలతో పోసిన సిమెంటు విగ్రహాలు, నీలికోటు అంబేడ్కర్ పక్కన గోడ మీద గీసిన బుద్ధుడు: ఇవి ఏ మ్యూజియం జాబితాలోనూ ఎక్కవు. వాటిని చేసిన చేతుల పేర్లు, చందాలిచ్చిన వాడల పేర్లు రాసిపెట్టే పని విద్యార్థులది, ఉపాధ్యాయులది, మనందరిదీ.