ఎదుర్లంక రేవులో పంటు

ధవళేశ్వరానికి దిగువన గోదావరి పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఈ పాయల నడుమ ఏర్పడినదే కోనసీమ. అందులో గౌతమికీ, దాని పాయ అయిన వృద్ధ గౌతమికీ మధ్య ఉన్నది ఐ.పోలవరం. పేరు ముందున్న 'ఐ' అన్న అక్షరం ఐలాండుకు, అనగా ద్వీపానికి గుర్తు. ఈ ప్రాంతపు రేవులలో ముఖ్యమైనది ఎదుర్లంక. దానికి ఆవలి గట్టున యానాం ఉన్నది. 1954 వరకు యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది గనుక ఇక్కడ పడవ ఎక్కినవాడు అక్కడ మరొక రాజ్యంలో దిగేవాడు!

యానాం నుండి కాకినాడ 30 కిలోమీటర్లకు మించదు. నదిని దాటకుండా రావులపాలెం వంతెన మీదుగా చుట్టి పోతే అంతకు రెండింతలకు పైగా దూరం. అందుచేత మనుషులే గాక వాహనాలు సైతం రేవులోనే దాటవలసి వచ్చేది. మనుషులకు నాటు పడవ చాలును. లారీకి ఏమి కావాలి? అందుకు ఏర్పడినదే పంటు.

పూర్వం రెండు పడవలను జంటగా బిగించి, పైన బల్లలు పరచి బండ్లను దాటించేవారు. పంటు ఆ జాతిదే. అడుగు చదునుగా, వెడల్పుగా ఉండే పెద్ద ఇనుప పెట్టె వంటిది. లాంచీని జతచేసి దానిని నడుపుతారు. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల పంటును ఊహించండి. దాని అడుగు వైశాల్యం 90 చదరపు మీటర్లు. అది 1 సెంటీమీటరు లోతు దిగితే 0.9 ఘనపు మీటరు నీరు, అనగా 900 కిలోల నీరు తొలగుతుంది. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం 9 టన్నుల లారీ ఎక్కినా పంటు మరి 10 సెంటీమీటర్లే దిగుతుంది. లోతు తక్కువైన రేవులకు ఇంతకన్న తగిన నావ లేదు.

అయితే చిక్కు ఎక్కేటప్పుడే. లారీ ముందు చక్రాలు మోపగానే ఈ కొస దిగి, ఆ కొస లేస్తుంది. పంటు గట్టునుండి వెనుకకు జారబోతుంది కూడా. కనుక మోకులతో గట్టిగా కట్టి, బండిని మెల్లగా నడుమకు తెచ్చి, చక్రాలకు అడ్డు పెట్టాలి.

ఇంత చేసినా సరంగు చేతిలో లేనిది నీటి మట్టం. ఎదుర్లంక సముద్రానికి దగ్గర. పోటు పాటులు ఇక్కడి వరకు వస్తాయి. పాటు సమయంలో నీరు వెనుకకు తీసి, ఇసుక మేటలు పైకి వచ్చి, పంటు గట్టును చేరడం కష్టమవుతుంది. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అనగా నేడు ఉదయం 8 గంటలకు పోటు వస్తే రేపు 8 గంటల 50 నిమిషాలకు. బడి గంట, కచేరీ వేళ మాత్రం మారవు. చంద్రుని గడియారానికీ గోడ గడియారానికీ ఈ తగవు రేవున్నంత కాలం తీరలేదు. రాత్రివేళ రోగిని కాకినాడకు తీసుకుపోవలసిన ఇంటివారికి ఇది వట్టి లెక్క కాదు.

వరద రోజులలో మరీ కష్టం. ప్రవాహ వేగం రెండింతలైతే నావపై దాని తోపుడు నాలుగింతలవుతుంది. అప్పుడు లాంచీ బలం చాలదు, రేవు మూయవలసిందే.

ఎగువన కోటిపల్లి రేవుకు కాకినాడ నుండి 1928లో రైలు వచ్చింది. 1940లో యుద్ధావసరాలకై పట్టాలు తీసివేశారు; 2004లో తిరిగి రైలు నడిచింది. రైలు వచ్చినా, పోయినా, ఎదుటి ముక్తేశ్వరం చేరడానికి నదిపై దాటింపు తప్పలేదు. ఎదుర్లంకలో మాత్రం 2002లో వంతెన ప్రారంభమైంది. ఆ ఏడాదే మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకరు, ఎదుర్లంక వాస్తవ్యుడు జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. పెద్ద రోడ్డుకు పంటు అవసరం తీరింది.

లంక గ్రామాలకు తీరలేదు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలంలోని పశువుల్లంక వద్ద, బడి ముగించుకొని ఇండ్లకు పోతున్న పిల్లలున్న పడవ బోల్తాపడింది. కొందరు విద్యార్థినులు మరణించారు. పడవ తగిలినది కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి. స్తంభాలు అడ్డు వచ్చినచోట అదే నీరు ఇరుకు దారిన పోవలసి వచ్చి వేగం పెరుగుతుంది. స్తంభం చుట్టూ సుడులు ఏర్పడతాయి. వెడల్పైన పంటు ఒరిగినా కొంత నిలదొక్కుకుంటుంది. చిన్న పడవ ఒక పక్కకు ఒరిగి, భయంతో జనమంతా ఆ పక్కకే జరిగితే భారకేంద్రం కూడా అటే జరుగుతుంది. అటుపిమ్మట దానిని నిలబెట్టడం చుక్కాని పట్టినవాని వల్ల కాదు.