పగిలితే ఎవరు కట్టాలి?

బడిపిల్లల చేతిలోని చదువు సామానుకి మనవైపు దొరికిన మొదటి రక్షణ కవచం పలకకి ఉండే చెక్క చట్రం. మార్కాపురం గనుల్లోంచి వచ్చిన రాతిని పల్చగా చీల్చి, చుట్టూ నాలుగు చెక్కపేళ్ళు బిగిస్తే పలక. కింద పడినప్పుడు దెబ్బ ముందు మూలకే తగులుతుంది. ఆ మూలని కాపాడటమే చట్రం పని. ఇవాళ ఫోన్లకీ ట్యాబ్‌లకీ వేసే రబ్బరు కేసుల్లో మూలలు మందంగా ఉండటానికి కారణం కూడా అదే.

అయినా పలకలు పగిలేవి. పగిలాక పెద్ద ముక్క మీద కొన్నాళ్ళు రాసుకునేవాళ్ళు. ఇంట్లో నాలుగు తిట్లు పడేవి, వారం తర్వాత సంతలో ఇంకోటి కొనేవాళ్ళు. పలక పగలడం వల్ల ఏ ఇల్లూ అప్పుల్లో పడలేదు. పలకని ఎవరూ బీరువాలో దాచకపోవడానికి కారణం దాని గట్టిదనం అనుకోను. దాని ధరే కారణం.

మా పెద్దపంజాణి మండలం లాంటి చోట ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్ వచ్చింది 2022 డిసెంబరులో. ఆ నెల 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి పంపిణీ మొదలుపెట్టారు. పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు, వాటిలో బైజూస్ పాఠాలు. సరిగ్గా ఏడాదికి, చింతపల్లిలో రెండో విడత. అంతకుముందు 2021 జనవరిలో, అమ్మఒడి డబ్బుకి బదులు కావాలంటే లాప్‌టాప్ తీసుకోవచ్చని 9 నుంచి 12 తరగతుల పిల్లలకి ప్రకటించారు. ఆ లాప్‌టాప్‌లు రాలేదు, ట్యాబ్‌లు వచ్చాయి.

మావైపు ఒక ఇంట్లో ఆ ట్యాబ్ ఎక్కడుందో చూశాను. బీరువాలో, పెళ్ళి చీరల మధ్య, డబ్బాతో సహా. వాడుకోవట్లేదా అంటే ఆ పిల్లవాడి అవ్వ అనింది: "పగిలిందంటే ఇస్కూల్లో దుడ్లు కట్టమంటారు నాయనా. పరీచ్చలప్పుడు తీస్తాడులే."

ఈ భయం పెద్దపంజాణిలో పుట్టింది కాదు. దీనికి నలభై ఏళ్ళ చరిత్ర ఉంది.

మన దేశంలో బడుల్లోకి కంప్యూటర్లు మొదట వచ్చింది 1984-85లో, 'క్లాస్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద. దాదాపు 250 బడులకి బీబీసీ మైక్రో యంత్రాలిచ్చారు. కంప్యూటర్ గది అనగానే నా తరానికి గుర్తొచ్చే దృశ్యానికి మూలం ఆ కాలమే: తాళం, తెరలు, గుమ్మం బయట విడిచిన చెప్పులు, యంత్రం మీద కప్పిన గుడ్డ. దుమ్ము పడకూడదన్నది నిజమే. కానీ తాళంచెవి ఎవరి జేబులో ఉంటే యంత్రం వాళ్ళదే. ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది కూడా వాళ్ళే కాబట్టి, తాళం తియ్యకపోవడమే వాళ్ళకి తెలివైన పని.

యంత్రం ఆ గదిలోంచి బయటపడ్డ ఒక ప్రయోగం మా పక్కనే జరిగింది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' పేరుతో మూడేళ్ళ ప్రాజెక్టు పెట్టాయి. ఊళ్ళలో సమాచార కేంద్రాలు తెరిచారు. నాకు ఆసక్తిగా అనిపించేది అందులో చిన్న భాగం. పొదుపు సంఘాల మహిళలు కొందరికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడిపే సోలార్ పలక ఇచ్చారు. వాళ్ళు ఊరూరా తిరిగి ఫోటోలు తీసి, అక్కడికక్కడే ప్రింటు చేసి ఇచ్చి డబ్బు సంపాదించారు. అదే దుమ్ము, అదే ఎండ. ఏసీ గది లేదు. కానీ కరెంటు ఎక్కడిది, సామాను ఎలా మొయ్యాలి అన్న ప్రశ్నలకి యంత్రంతోపాటే జవాబు ఇచ్చారు. ఆ ప్రశ్నల్ని వాడేవాళ్ళ నెత్తిన వదిలెయ్యలేదు.

అదే దశకంలో అమెరికాలో నికొలస్ నెగ్రొపాంటే 'ప్రతి పిల్లకీ ఒక లాప్‌టాప్' అని ఉద్యమం నడిపాడు. 2005లో ట్యూనిస్‌లో చూపించిన నమూనాకి కరెంటు పుట్టించడానికి తిప్పే పిడి ఒకటుండేది. తిప్పుతుంటే అది ఊడి చేతికొచ్చింది. 2007లో తయారైన అసలు యంత్రం, ఎక్స్‌ఓ, మాత్రం ఇంజనీరుగా నాకు ముచ్చటేస్తుంది. నీళ్ళు పడినా లోపలికి దిగని రబ్బరు కీబోర్డు. తిరిగే హార్డ్ డిస్కు లేదు, ఫ్యాను లేదు. కుందేలు చెవుల్లాంటి యాంటెనాలు మడిస్తే పక్కనున్న పోర్టులు మూసుకుంటాయి. పట్టుకునే పిడి లోపల అదనపు స్క్రూలు కూడా దాచారు, ఊళ్ళోనే విప్పి బిగించుకోవచ్చని. పిల్లల చేతుల్ని ఇంత గౌరవించిన యంత్రం ఇంకోటి నేను చూడలేదు.

పెరూ ప్రభుత్వం అలాంటివి 8 లక్షలకు పైగా కొనింది. 2012లో ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు అక్కడి 319 పల్లెబడుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన దాఖలా లేదు అన్నదే అందరూ చెప్పుకున్న ఫలితం. నాకు అందులో ఇంకో సంగతి పెద్దదనిపించింది. ఇంటికి తీసుకెళ్ళడానికే తయారైన ఆ లాప్‌టాప్‌ని ఇంటికి తీసుకెళ్ళిన పిల్లలు 40 శాతమే. చెడిపోయినా, దొంగలెత్తుకుపోయినా తమ మీదికొస్తుందని తల్లిదండ్రులు వెనకాడారు, అందుకే చాలా బడులు ఇళ్ళకి పంపలేదు. ఆండీస్ కొండల్లో ఉన్న అమ్మానాన్నలూ మా ఊరి అవ్వా ఒకే మాట అన్నారు.

ఎక్స్‌ఓ నీటిని ఆపింది, దుమ్ముని ఆపింది. "పగిలితే ఎవరు కట్టాలి" అన్న ప్రశ్నని మాత్రం ఏ రబ్బరూ ఆపలేకపోయింది.

కుప్పం దాటితే వచ్చే తమిళనాడులో ఇంకో దారి పట్టారు. 2011 సెప్టెంబరు 15న జయలలిత ప్రభుత్వం ఉచిత లాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగిళ్ళలోకి కూడా అవి వచ్చాయి. అక్కడ లాప్‌టాప్ బడి సొత్తు కాదు, విద్యార్థి సొంతం. కొందరు అమ్ముకున్నారని విమర్శలొచ్చాయి. కానీ సొంతమైన వస్తువుని దాచుకున్నా, వాడి అరగదీసినా, బజారులో రిపేరుకిచ్చినా ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

మన ట్యాబ్‌ల విషయంలో కాగితం మీద ఏర్పాటు బాగానే ఉండేది. చెడిపోతే హెడ్మాస్టరుకి గానీ గ్రామ సచివాలయంలో గానీ ఇచ్చి రసీదు తీసుకోవాలి, వారంలో బాగుచేసి ఇస్తారు, లేదా వేరేది ఇస్తారు అని రెండో విడతప్పుడు ముఖ్యమంత్రి సభలోనే చెప్పారు. ఆ రసీదు సంగతి ఆ అవ్వదాకా చేరలేదు. ఆమెకి చేరింది "జాగ్రత్త" అన్న ఒక్క మాటే.

ఆ జాగ్రత్త ట్యాబ్‌కి మంచి చెయ్యదు కూడా. లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ అయ్యాక నెలల తరబడి వదిలేస్తే మళ్ళీ లేవకపోవచ్చు. దాచాల్సే వస్తే సగం ఛార్జింగ్‌తో, పూర్తిగా ఆపేసి దాచాలి, అప్పుడప్పుడు తీసి చూడాలి. రోజూ వాడే ట్యాబ్‌కి వచ్చే దెబ్బలు వేరు, అవి చాలావరకు తప్పించగలిగినవే. సంచిలో స్టీలు క్యారియరు ఒక పక్క, ట్యాబ్ ఒక పక్క ఉంటే బస్సులో ఎవరో ఆనుకున్నప్పుడు తెర పగులుతుంది. మధ్యలో రెండు నోటుపుస్తకాలు పెట్టి, తెరని పుస్తకాల వైపు తిప్పితే చాలు. ఛార్జింగ్‌లో పెట్టి పడుకుని వాడితే వైరు వంకరగా లాగి పోర్టు వదులవుతుంది. లాప్‌టాప్ అయితే తెర అంచు పట్టుకుని ఎత్తకూడదు, మూసేముందు కీబోర్డు మీద పెన్సిలుందేమో చూసుకోవాలి. వేరుశెనక్కాయలు ఒలిచే వసారాలో, పాలు పితికే చోట పెట్టకుండా గూట్లో పెట్టుకోవచ్చు. ఇవన్నీ పదేళ్ళ పిల్ల కూడా నేర్చుకోగలదు. కానీ వాడితేనే నేర్చుకుంటుంది.

నా సంగతి చెప్తాను. నేను పనిచేసే చోట లాప్‌టాప్ మీద కాఫీ ఒలికితే ఒక టికెట్ పెడతాను. సాయంత్రానికి ఇంకో యంత్రం చేతికొస్తుంది. తప్పెవరిదని అడగరు, జీతంలో కోత పడదు. అది దయేం కాదు, లెక్క. వందమందికి యంత్రాలిస్తే ఏటా కొన్ని పోతాయని కంపెనీకి ముందే తెలుసు, ఆ ఖర్చుని ముందే రాసుకుంటుంది. నెలకి లక్ష సంపాదించేవాడికి ఉన్న ఈ వెసులుబాటు, కూలికెళ్ళే ఇంటి పిల్లకి ఎందుకుండకూడదు? ఐదు లక్షల ట్యాబ్‌లు పంచినప్పుడు కొన్ని వేలు పగులుతాయి. అది పిల్లల అల్లరి వల్ల జరిగే ప్రమాదం అనుకోకుండా, పథకం ఖర్చులో ఒక పద్దుగా చూడాలి.

2024 జూలైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఒక్క గీత కూడా పడని ట్యాబ్‌లో ఉన్న పాఠాలు తయారుచేసిన సంస్థే కుదేలైంది. మనం పగులుతుందని భయపడింది గాజు ఒక్కటే.

రేపు ఇంకో ప్రభుత్వం ఇంకో యంత్రం ఇస్తుంది. పంచే రోజున డబ్బా మీద ఎవరి బొమ్మైనా వేసుకోనీ, అభ్యంతరం లేదు. దాని కింద మాత్రం పెద్దక్షరాల్లో, ఇంట్లో చదవగలిగినవాళ్ళు ఒక్కరే ఉన్నా అందరికీ అర్థమయ్యేలా, మూడు వాక్యాలు అచ్చెయ్యాలి. ఇది వాడుకోవడానికి ఇచ్చింది. పగిలితే ఫలానా చోట ఇవ్వండి. మీరేం కట్టక్కర్లేదు.