ఒక కొండ పుణ్యక్షేత్రం ఎలా అవుతుంది? మౌలా అలీ నుండి ఎగిరే పళ్ళాల కొండల వరకు

ఉపోద్ఘాతం

ఒక యువజన కూటంలో ఒక విద్యార్థి లేచి మమ్మును ఇలా అడిగాడు: "అయ్యగారూ, అమెరికాలో షాస్తా అనే కొండ ఉందట. దాని లోపల దివ్యపురుషులున్నారని, దాని మీద గ్రహాంతరవాసుల వాహనాలు దిగుతాయని నమ్మి, చదువుకున్నవాళ్ళే వేలకొద్దీ డబ్బు ఖర్చు పెట్టి అక్కడికి పోతారట. ఇంత తెలివైనవాళ్ళు అంత సులువుగా ఎలా నమ్ముతారు?" కూటంలో అందరూ నవ్వారు. మేము నవ్వలేకపోయాము. ఆ క్షణంలో మా మనసుకు వచ్చింది అమెరికా కాదు, మా పరిచర్య తొలినాళ్ళలో హైదరాబాదు పాతబస్తీలో జరిగిన ఒక సంగతి.

మా చిన్న సంఘంలోని ఒక తల్లి, జబ్బుపడిన బిడ్డను చంకనెత్తుకుని మౌలా అలీ కొండ ఎక్కి వచ్చింది. ఆ మాట మా చెవిన పడగానే మేము ఆదివారం ఆరాధనలో, పేరు చెప్పకపోయినా అందరికీ అర్థమయ్యేటట్టు, ఆమెను గద్దించాము. ఆమె మరల గుడికి రాలేదు. ఆమె వెళ్ళిన కొండను అప్పటికి మేము ఒక్కసారైనా ఎక్కి చూడలేదు. ఎందుకు వెళ్ళావమ్మా అని ఆమెను అడగనూ లేదు. ఆ లోటును కొంతైనా పూడ్చుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం. ఒక కొండ ఏ మార్గంలో పవిత్రస్థలంగా మారుతుందో చరిత్ర ఆధారంగా పరిశీలించి, కాపరులమైన మనకు అందులో ఉన్న పాఠమేమిటో చివరన చెప్పదలచాము.

1. హైదరాబాదులో రెండు కొండలు

మన నగరంలోనే ఈ ప్రశ్నకు తగిన రెండు కొండలున్నాయి. మొదటిది చార్మినార్‌కు దక్షిణాన ఫలక్‌నుమా నిలిచిన కొండ. కుతుబ్ షాహీల కాలంలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా (1580–1612) ఆ కొండపై ఒక మహలు కట్టించి దానికి కోహ్-ఇ-తూర్ అని పేరు పెట్టాడు. తూర్ అంటే మోషే దేవుని స్వరం విన్న సీనాయి కొండ. ఇంతకంటె గొప్ప పేరు ఏ కొండకు దొరుకుతుంది? అయినా అక్కడికి యాత్రికులు రాలేదు. ఆ మహలు అంతరించింది. 1884లో వికారుల్ ఉమ్రా ఆ కొండపై కొత్త మహలు మొదలుపెట్టాడు. 1890లలో అది ఆరవ నిజాం వశమైంది. 2010లో హోటలుగా తెరుచుకుంది.

రెండవది పాతబస్తీకి ఈశాన్యాన, సికింద్రాబాదు దాటిన తరువాత కనబడే మౌలా అలీ కొండ. నున్నటి బోడి రాతిగుట్ట. దానికి సీనాయి పేరు లేదు, రాజమహలు లేదు. అయినా నాలుగు వందల ఏళ్ళకు పైగా పాతబస్తీ జనం దాని మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. గొప్ప పేరు పెట్టిన కొండ మహలుగానే ఆగిపోయి, పేరు లేని గుట్ట క్షేత్రం కావడానికి కారణమేమిటి?

2. సాక్షి, గుర్తు

మౌలా అలీ కథ 1578 నాటిదని సంప్రదాయం. అప్పటికి హైదరాబాదు నగరమే లేదు, చార్మినార్ లేవడానికి ఇంకా పదమూడేళ్ళున్నాయి. గోల్కొండను ఇబ్రహీం కుతుబ్ షా ఏలుతున్నాడు. అతని అంతఃపురంలో యాకూత్ అనే నపుంసకుడు సేవచేసేవాడు. అతడు జబ్బుపడి ఉన్నప్పుడు కలలో పచ్చని వస్త్రాలు ధరించిన ఒకడు కనబడి, మౌలా అలీ నీకోసం ఎదురుచూస్తున్నాడని చెప్పి వెంట తీసుకెళ్ళాడట. కొండమీద ప్రవక్త అల్లుడైన హజ్రత్ అలీ ఒక రాతిపై చేయి ఆన్చి కూర్చుని ఉన్నాడట. తెల్లవారి యాకూత్ కొండ ఎక్కి చూడగా ఆ రాతిపై చేతి గుర్తు ఉన్నదట. ఆ గుర్తును రాతి నుండి తొలిపించి ఒక కమాను కింద నిలిపారు. దర్గాకు అదే మూలం.

ఈ కథలో రెండు సంగతులను గమనించాలి. మొదటిది, సాక్షి ఎవరు అన్నది. కల కన్నవాడు రాజు కాదు, మౌల్వీ కాదు. కుటుంబం లేని, సంతానం లేని ఒక సేవకుడు. అతని కోసం ఒక ప్రభువు కొండమీద కనిపెట్టుకుని ఉన్నాడు. బీదవారి హృదయాన్ని తాకింది ఈ మాటేనని మా అభిప్రాయం. అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయంలోని ఐతియొపీయుడైన నపుంసకుని కథ ఎరిగిన మనకు ఇది అర్థం కాని సంగతి కాదు. రెండవది, గుర్తు. కల ఒక్కడిది, రాతిమీది చేతిగుర్తు అందరిదీ. తరువాత వచ్చినవారు ఎవరూ యాకూత్ కలను చూడలేరు గాని, ఆ గుర్తును చూడగలరు. ఒకరి అనుభవాన్ని జనుల సొత్తుగా మార్చేది ఆ గుర్తే. కోహ్-ఇ-తూర్‌కు పేరుంది గాని ఈ రెండూ లేవు.

3. పోషకులు, తేదీ

అయితే సాక్షి, గుర్తు ఉంటే చాలదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమై, షియా రాజ్యం అంతరించింది. ఆ రాజ్యంతోపాటు ఈ కొండ కూడా మరుగున పడిపోవలసింది. కానీ దానిని పెద్ద చేసినవారు సున్నీలైన ఆసఫ్ జాహీలే. రెండవ ఆసఫ్ జా నిజాం అలీ ఖాన్ (1762–1803) కాలంలో మౌలా అలీ జాతర దర్బారు పండుగగా ఎదిగింది. రజబ్ నెల 13న హజ్రత్ అలీ జన్మదినం, 17న యాకూత్ కలగన్న దినం; ఈ రెండు తేదీల నడుమ నగరమంతా కొండవైపు కదిలేది. నవాబులు ఏనుగులెక్కి, సామాన్యులు కాలినడకన పాతబస్తీ నుండి బయలుదేరేవారు. కొండ కింద ధనవంతులు బసలు, తోటలు కట్టించుకున్నారు. ఎదురుగా ఉన్న కొండకూ పవిత్రత పాకింది; దానిని ఖదమ్-ఎ-రసూల్ అని పిలుస్తారు.

ఈ పోషకులలో మహ్ లఖా బాయి చందా (1768–1824) పేరు చెప్పక తప్పదు. ఆమె నిజాం దర్బారు నర్తకి, ఉర్దూ కవయిత్రి. ఆమె తల్లి రాజ్ కన్వర్ బాయి గర్భవతిగా ఉండి ప్రమాదంలో పడినప్పుడు మౌలా అలీ దర్గా నుండి తెచ్చిన ప్రసాదం వల్ల గర్భం నిలిచిందని ఆమె జీవితకథలో చెబుతారు. కొండ దిగువన తల్లికి ఆమె సమాధి కట్టించింది. తరువాత తానూ అక్కడే సమాధి చేయబడింది. 2010-11లో అమెరికా ప్రభుత్వ నిధులతో ఆ సమాధి ఆవరణను బాగుచేశారు. ఒకప్పుడు మొక్కుబడిగా కట్టిన కట్టడం నేడు చారిత్రక సందర్శన స్థలంగా కూడా ఉన్నది.

ఇంతవరకు చూచినదాన్ని బట్టి, కొండను క్షేత్రం చేసేవి నాలుగని చెప్పవచ్చు: ఒక సాక్షి, అందరూ చూడగల గుర్తు, డబ్బు పెట్టే పోషకుడు, ఏటేటా తిరిగి వచ్చే తేదీ. ఈ నాలుగింటిని చేత పట్టుకుని ఇప్పుడు ఆ విద్యార్థి అడిగిన కొండకు వెళ్దాము.

4. షాస్తా కొండ, మన అడయార్

షాస్తా ఉత్తర కాలిఫోర్నియాలో 14,000 అడుగులకు పైగా ఎత్తున్న అగ్నిపర్వతం. వింటూ మొదలైన స్థానిక జాతులకు అది అనాదిగా పవిత్రం. అయితే నేటి యాత్రికులను రప్పించే కథ వారిది కాదు. దానిలో కొంత భాగం మన దేశం మీదుగా వెళ్ళింది.

1864లో ఫిలిప్ స్క్లేటర్ అనే ఆంగ్ల జంతుశాస్త్రవేత్త, లీమర్ అనే జంతుజాతి మడగాస్కర్‌లోను, దాని బంధుజాతులు ఇండియాలోను ఎలా ఉన్నాయో వివరించడానికి, హిందూ మహాసముద్రంలో మునిగిపోయిన ఒక భూఖండాన్ని ఊహించి దానికి లెమూరియా అని పేరు పెట్టాడు. భూఖండాలు కదులుతాయని తేలిన తరువాత విజ్ఞానశాస్త్రానికి ఆ ఊహతో పనిలేకపోయింది. ఈలోగా దానిని దివ్యజ్ఞాన సమాజం అందుకున్నది. 1875లో న్యూయార్కులో పుట్టి, 1882లో మద్రాసు అడయార్‌కు తరలివచ్చిన ఆ సమాజానికి నాయకురాలైన మదాం బ్లావట్‌స్కీ, హిమాలయాల ఆవల అదృశ్యంగా జీవించే మహాత్ములున్నారని బోధించింది. లెమూరియాను మానవజాతి పూర్వచరిత్రలో చేర్చి 1888లో గ్రంథం ప్రకటించింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని రాబోవు జగద్గురువుగా చాటినదీ ఈ సమాజమే. 1929లో ఆయన ఆ పీఠాన్ని త్యజించాడు.

ఈ భావాలు అమెరికాలో షాస్తా మీద స్థిరపడ్డాయి. ఆ కొండ సమీపంలో పెరిగిన ఫ్రెడరిక్ ఆలివర్ వ్రాసిన నవలలో కొండ లోపల గుప్త సోదరత్వం ఒకటి ఉన్నది. అది 1905లో అచ్చయింది. క్రమంగా మునిగిన లెమూరియా వాసులు ఆ కొండలోనే ఉన్నారన్న ప్రచారం లేచింది. 1930లో గై బల్లార్డ్ అనే ఇంజనీరు, షాస్తా మీద సెయింట్ జెర్మెయిన్ అనే దివ్యపురుషుడు తనకు కనబడ్డాడని చెప్పి 1934లో పుస్తకం వేసి, ఒక మత ఉద్యమాన్నే నడిపాడు. సాక్షి దొరికాడు. పుస్తకాలు, సభలు పోషణనిచ్చాయి. 1987 ఆగస్టులో లోకమంతటా ధ్యానం చేయాలని ఒక పిలుపు రాగా వేలమంది ఆ కొండకు చేరారు. తేదీ దొరికింది.

5. ఆకాశంలో గుర్తు

మరి గుర్తు ఏది? 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ వాషింగ్టన్ రాష్ట్రంలో రేనియర్ పర్వతం సమీపంలో వరుసగా ఎగిరే తొమ్మిది వస్తువులను చూశానన్నాడు. నీటిమీద విసిరిన సాసరులా అవి గెంతుతూ పోయాయని అతడు చలనాన్ని వర్ణిస్తే, పత్రికలు దానిని ఆకారంగా మార్చి ఎగిరే సాసర్లు అన్నాయి. అక్కడినుండి జనం ఆకాశంలో సాసరు ఆకారాన్నే వెదికారు. షాస్తావంటి ఒంటరి శిఖరాల మీదుగా తేమగాలి వీచినప్పుడు పళ్ళెం ఆకారపు మేఘాలు ఏర్పడి కదలకుండా నిలుస్తాయి. దీనికి వాతావరణ శాస్త్రం వివరణ ఇస్తుంది. నమ్మినవారికి మాత్రం అది వాహనాన్ని కప్పిన ముసుగు. మౌలా అలీలో రాయి చేసిన పనిని ఇక్కడ మేఘం చేసింది.

దీని తరువాత పద్ధతి ఇతర దేశాలకు పాకింది. 1955లో లండనులో ఈథీరియస్ సొసైటీని స్థాపించిన జార్జ్ కింగ్, ఇతర గ్రహాల గురువులు తన ద్వారా కొండలలో ఆధ్యాత్మిక శక్తిని నింపుతున్నారని చెప్పి, 1958లో ఇంగ్లాండులోని హోల్డ్‌స్టోన్ డౌన్ అనే కొండతో మొదలుపెట్టాడు. ఫ్రాన్సులో బ్యుగరాష్ అనే చిన్న ఊరి కొండ మరొక ఉదాహరణ. 2012 డిసెంబరు 21న యుగాంతమని, ఆ కొండలోని వాహనం కొందరిని రక్షిస్తుందని వదంతి లేచింది. అధికారులు కొండదారి మూసివేశారు. ఆ రోజు విలేకరులే ఎక్కువగా కనబడ్డారు. మరునాడు సూర్యుడు యథాప్రకారం ఉదయించాడు.

6. వాక్యపు వెలుగులో

ఇతరుల కొండలను పరిశీలించినవారు తమ కొండను దాటవేయరాదు. విజయవాడ గుణదల కొండమీద 1924లో కతోలిక గురువు అర్లాటి మరియమాత స్వరూపాన్ని నిలిపారు. నేడు ఏటా ఫిబ్రవరిలో అన్ని మతాలవారు లక్షలాదిగా అక్కడికి వస్తారు. ప్రొటెస్టంటులమైన మన మధ్య కూడా ఫలాని దైవజనుడు ఉపవాసముండి దర్శనం పొందాడని ప్రార్థన కొండలు లేచాయి. అక్కడా సాక్షి, గుర్తు, పోషకుడు, తేదీ ఉన్నారు.

రూపాంతర కొండపై పేతురు మూడు పర్ణశాలలు కట్టుదమన్నాడు. అది మనిషి సహజ కోరిక. ప్రభువు దానికి సమ్మతించక, శిష్యులను వెంటబెట్టుకుని కొండ దిగాడు. కింద మూర్ఛరోగి అయిన కుమారునితో ఒక తండ్రి కనిపెట్టుకుని ఉన్నాడు. సువార్తికులు ఆ కొండ పేరైనా వ్రాయలేదు. అది తాబోరు అని నాలుగవ శతాబ్దంలో యెరూషలేము సిరిల్ చెప్పిన తరువాతనే అక్కడ ఆలయాలు స్థిరపడ్డాయి. సమరయ స్త్రీ కొండ గురించి అడిగినప్పుడు ప్రభువు ఆమె కొండను గాని, యెరూషలేమును గాని ఆరాధనకు హద్దు చేయలేదు. ఆత్మతోను సత్యముతోను ఆరాధించేవారిని తండ్రి వెదకుచున్నాడని చెప్పాడు. అంతేకాదు, దానికి ముందు ఆమెతో కూర్చుని, నీళ్ళు అడిగి, ఆమె బ్రతుకంతా ఎరిగి మాట్లాడాడు.

ముగింపు

ఒక కొండకు చెప్పిన కథ నిజమా కాదా అని విచారించడం చరిత్రకారుని పని. మేఘాన్ని మేఘమనడం మన బాధ్యత కూడా. కానీ ఆ విద్యార్థి ప్రశ్నకు మా జవాబు ఇది: తెలివి తక్కువై ఎవరూ కొండ ఎక్కరు. తమకోసం పైన ఎవరో ఎదురుచూస్తున్నారన్న ఆశతో ఎక్కుతారు. యాకూత్ విన్న కబురు అదే, షాస్తా యాత్రికుడు వెదికేది అదే.

మౌలా అలీ మెట్లు మేము మొదటిసారి ఎక్కినది ఆ తల్లి సంఘం విడిచిన చాలా ఏళ్ళకు. మా ముందు ఒక స్త్రీ బిడ్డను భుజాన వేసుకుని, మధ్య మధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కుతోంది. వట్టి చేతులతో ఎక్కడమే మాకు కష్టమైంది. జబ్బు బిడ్డతో ఎక్కిన ఆ తల్లిని అంతదూరం నడిపించిన బాధ ఏమిటో ముందుగా అడిగి తెలుసుకుని, ఆమె ఇంటికి వెళ్ళి బిడ్డ తలపై చేయి ఉంచి ప్రార్థించి ఉంటే, కొండ గురించి తరువాత తీరికగా మాట్లాడుకునేవారము. కాపరి తన గుమ్మం దాటి వెళ్ళనప్పుడు గొఱ్ఱె కొండ ఎక్కుతుంది. ఈ తప్పును మా తరువాత వచ్చే సేవకులు చేయకూడదనే ఈ నాలుగు మాటలు వ్రాశాము.