అలవాటు లేని మాంసాలు: రుచి చూసే ముందు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు

గుర్రం, గాడిద, ఒంటె మాంసం కొన్ని దేశాలలో నిత్యాహారం. మరికొన్ని దేశాలలో ఊహకే రాని పదార్థం. విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం వెంట ఉద్యోగాలకు, వ్యాపారాలకు ఛత్తీస్‌గఢ్ చేరిన తెలుగువారికి అక్కడి కడక్‌నాథ్ కోడి, బస్తర్ ఎర్ర చీమల చట్నీ కొత్తగా తోస్తాయి. వైద్యవిద్య కోసం కజకిస్తాన్ వెళ్లిన తెలుగు విద్యార్థుల ముందుకు గుర్రపు మాంసం వస్తుంది. కోస్తా ఆంధ్రలో కొన్ని చోట్ల గాడిద మాంసం చాటుగా అమ్ముడవుతోంది. పైకి ఇవన్నీ ఒకే కోవకు చెందినట్లు కనిపిస్తాయి. కానీ వీటి మధ్య తేడా రుచిలో లేదు. ఆ మాంసాన్ని చట్టం అనుమతిస్తుందా, దానిని ఎవరైనా పరీక్షించారా, ఆ జంతువు సంతతి ఈ గిరాకీని తట్టుకోగలదా అన్న మూడు ప్రశ్నలలో ఉంది.

గుర్రపు మాంసం: ఒక చోట విందు, మరో చోట నిషేధం

మధ్య ఆసియా గడ్డి మైదానాల ప్రజలకు గుర్రం వాహనమే కాదు, ఆహారం కూడా. గుర్రపు మాంసాన్ని కూరి చేసే ‘కజీ’, ఉడికించిన మాంసాన్ని వెడల్పాటి పిండి పలకలపై వడ్డించే ‘బెష్‌బర్మక్’ కజకిస్తాన్ విందులలో ముఖ్యమైనవి. జపాన్‌లోని కుమామోతో ప్రాంతంలో పచ్చి గుర్రపు మాంసాన్ని పలుచని ముక్కలుగా కోసి ‘బసాషి’ పేరుతో వడ్డిస్తారు.

ఐరోపా చరిత్ర ఇందుకు భిన్నంగా నడిచింది. క్రీ.శ. 732లో మూడవ గ్రెగొరీ పోపు గుర్రపు మాంసాన్ని తినరాదని శాసించారు. 1000 ప్రాంతంలో క్రైస్తవాన్ని స్వీకరించిన ఐస్‌లాండ్ మాత్రం ఈ విషయంలో తొలినాళ్లలో మినహాయింపు కోరి పొందింది. ఫ్రాన్స్‌లో 1866లో ఈ అమ్మకాలకు చట్టబద్ధత లభించింది. 1870–71లో పారిస్ ముట్టడిలో చిక్కుకున్న నగరవాసులు ఆకలికి తాళలేక పెద్దయెత్తున గుర్రాలను తిన్నారు.

రుచి విషయానికి వస్తే, ఈ మాంసంలో గ్లైకోజన్ ఎక్కువగా ఉండడం వల్ల కొద్దిగా తీపి తగులుతుంది. 100 గ్రాముల పచ్చి మాంసంలో సుమారు 21 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల లోపు కొవ్వు, దాదాపు 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. పోషకాల పరంగా దీనిలో లోపమేమీ లేదు.

మన చట్టం ఏమంటుంది?

దేశంలో అమ్మకానికి ఏ మాంసం అర్హమో ఆహార భద్రత, ప్రమాణాల నిబంధనలు నిర్ణయిస్తాయి. 2011 నాటి నిబంధనలు గొర్రెలు, మేకలు, పందులు, పశుజాతి జంతువులు, కోళ్ల వంటి పెంపుడు పక్షులు, చేపలను ఆహార జంతువులుగా పేర్కొన్నాయి. ఈశాన్య రాష్ట్రాలలో పెంచే మిథున్‌ను 2023లో ఆహార జంతువుగా గుర్తించారు. గుర్రం, గాడిద, ఒంటె ఈ కోవలోకి రావు. కనుక వాటిని మాంసం కోసం వధించి అమ్మడానికి అనుమతి లేదు.

దీనికి తోడు రాష్ట్రాల చట్టాలు ఉన్నాయి. 2004 నాటి ఛత్తీస్‌గఢ్ వ్యవసాయ పశు పరిరక్షణ చట్టం ఆవులతో పాటు గేదెల వధను కూడా నిషేధించింది. అంటే ఒక రాష్ట్రంలో చెల్లే మాంసం పొరుగు రాష్ట్రంలో నేరం కావచ్చు. అడవి జంతువుల విషయంలో మాత్రం దేశమంతటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఉడుము, అలుగు, నెమలి, దుప్పి వంటి రక్షిత ప్రాణులను వేటాడడమే కాదు, వాటి మాంసాన్ని అమ్మడం, దగ్గర ఉంచుకోవడం కూడా శిక్షార్హమే. మాంసాన్ని వండిన తరువాత కూడా అది ఏ జంతువుదో డీఎన్‌ఏ పరీక్షతో గుర్తించవచ్చు. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణి కేసులలో ఇటువంటి పరీక్షలు చేస్తుంది.

గాడిద మాంసం: బలమన్న నమ్మకం, తరిగిపోతున్న సంతతి

తెలుగు నేలపై ఈ అంశం తీవ్రంగా ముందుకు వచ్చింది గాడిద మాంసం విషయంలోనే. బాపట్ల, గుంటూరు, ప్రకాశం, కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతాలలో ఈ అమ్మకాలు జరుగుతున్నట్లు పలుమార్లు వార్తలు వెలువడ్డాయి. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు దాడులు జరిపి సుమారు 400 కిలోల మాంసాన్ని స్వాధీనం చేసుకున్నారు. గాడిద మాంసం తింటే ఒంటికి బలం వస్తుందని, నడుమునొప్పి, ఉబ్బసం తగ్గుతాయని, పురుషత్వం పెరుగుతుందని కొందరిలో నమ్మకం ఉంది. ఈ నమ్మకాలకు శాస్త్రీయ ఆధారం లేదు. అయినా వీటివల్లనే గిరాకీ నిలిచింది. స్థానికంగా గాడిదలు చాలక రాజస్థాన్, మహారాష్ట్ర వంటి రాష్ట్రాల నుంచి తరలించే దశకు వ్యవహారం చేరింది.

గాడిదల లెక్కలు చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. దేశంలో 2012 పశుగణన నాటికి సుమారు 3.2 లక్షల గాడిదలు ఉండగా, 2019 గణనలో అవి 1.2 లక్షలకు పడిపోయాయి. తగ్గుదల 61 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 10 వేల నుంచి 5 వేల లోపుకు దిగాయి. గుర్రాలు, పోనీల సంఖ్య కూడా ఇదే కాలంలో 6.25 లక్షల నుంచి 3.42 లక్షలకు తగ్గింది. చాకిరేవు మూటలు, ఇటుకబట్టీల బరువులు మోసే పని వాహనాలకు మళ్లడం ఇందుకు ఒక కారణం. మాంసం, చర్మాల కోసం జరిగే వధ మరో కారణం.

ఈ జంతువు స్వభావం వల్ల నష్టం త్వరగా పూడదు. మేక అయిదు నెలలకే ఈనుతుంది, తరచు రెండు పిల్లలను ఇస్తుంది. గాడిద సుమారు 12 నెలలు చూలు మోసి, సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. కనుక గాడిదలను మేకల మాదిరిగా పెంచి మాంసం గిరాకీని తీర్చడం సాధ్యం కాదు. ఉన్న మందే కరిగిపోతుంది. చైనాలో మందుల తయారీకి గాడిద చర్మాల గిరాకీ పెరగడంతో ఆఫ్రికాలో ఇదే జరిగింది. 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ చర్మాల కోసం గాడిదల వధను 15 ఏళ్లపాటు నిషేధించింది.

చాటు అమ్మకంలో దాగిన ప్రమాదం

అనుమతి ఉన్న కబేళాలో వధకు ముందు, తరువాత కూడా పశువైద్యుడు జంతువును పరీక్షిస్తారు. 2001 నాటి కబేళా నియమాల ప్రకారం చూలుతో ఉన్నవాటిని, మూడు నెలల లోపు పిల్లలు ఉన్నవాటిని వధించరాదు. కాలువగట్టున, ఊరి శివార్లలో చాటుగా కోసి అమ్మే మాంసానికి ఈ రక్షణ ఏదీ ఉండదు.

గుర్రాలు, గాడిదలకు సోకే గ్లాండర్స్ వ్యాధి మనుషులకూ వ్యాపించగలదు. దీని కట్టడికి మన దేశంలో 1899లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. జబ్బుపడ్డ జంతువును కోసే వ్యక్తికే ముందు ముప్పు. ఐరోపాలో 1975 నుంచి ఇటలీ, ఫ్రాన్స్‌లలో సరిగా ఉడకని గుర్రపు మాంసం ద్వారా ట్రైకినెల్లా అనే పురుగు వ్యాధి వేలాది మందికి సోకింది.

మందుల అవశేషాలు మరో సమస్య. రాయ్‌పూర్‌లో గుర్రం పెళ్లి ఊరేగింపులో కనిపించే జంతువే గాని ఆహారం కోసం పెంచేది కాదు. అటువంటి గుర్రాలకు నొప్పులు తగ్గేందుకు ఫినైల్‌బ్యూటాజోన్ వంటి మందులు ఇవ్వడం సాధారణం. ఈ మందు మనుషులలో అరుదుగానైనా రక్తకణాల ఉత్పత్తిని దెబ్బతీయగలదు. మంటమీద పురుగులు, సూక్ష్మజీవులు చస్తాయి గాని మందుల అవశేషాలు పూర్తిగా పోవు. 2013లో ఐర్లాండ్‌లో గొడ్డుమాంసం పేరుతో అమ్మిన ఆహారంలో గుర్రపు డీఎన్‌ఏ బయటపడినప్పుడు ఐరోపా అంతటా ఆందోళన రేగడానికి ఈ అంశమూ ఒక కారణం.

బస్తర్ చెప్పే పాఠం

అలవాటు లేనిదంతా హానికరం కాదు. బస్తర్ సంతలలో అమ్మే చాప్‌డా చట్నీ ఇందుకు నిదర్శనం. సాల, మామిడి వంటి చెట్ల ఆకులను కుట్టి గూడు కట్టుకునే ఎర్ర చీమలను, వాటి గుడ్లను మిరపకాయలు, ఉప్పుతో కలిపి నూరుతారు. చీమలలోని ఫార్మిక్ ఆమ్లం వల్ల పులుపు వస్తుంది. పొరుగున ఉన్న ఒడిశాలోని మయూర్‌భంజ్ ప్రాంతపు ఇటువంటి చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే రొయ్యలు, పీతలు పడనివారు కీటకాహారానికి దూరంగా ఉండడం మంచిది.

కడక్‌నాథ్ కోడికి పుట్టినిల్లు మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతం. అక్కడి కోడిమాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ, కాంకేర్ జిల్లాలలో కూడా దీని పెంపకం విస్తరించి గిరిజన కుటుంబాలకు ఆదాయమిస్తోంది. మెలనిన్ వర్ణకం వల్ల దీని చర్మం, మాంసం, ఎముకలు సైతం నల్లగా ఉంటాయి. దీనిని రోగాలు నయం చేసే మందుగా భావించనక్కరలేదు. మంచి మాంసంగా తింటే చాలు. ఇక్కడ గిరాకీ పెరిగితే పెంపకమూ పెరుగుతుంది. గాడిద విషయంలో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

రుచి చూడదలచినవారికి సూచనలు

• జంతువు పేరు, మాంసం వచ్చిన చోటు చెప్పని విక్రేత దగ్గర కొనవద్దు. ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉన్నదీ లేనిదీ చూడండి.

• విదేశాలలో గుర్రపు మాంసం తినవలసి వస్తే అనుమతి ఉన్న హోటల్‌లో, బాగా ఉడికించినది మాత్రమే తీసుకోండి. మొదటిసారి కొద్దిగా తిని చూడండి.

• విదేశాల నుంచి మాంసం వెంట తేవద్దు. పశు ఉత్పత్తుల దిగుమతికి ప్రభుత్వ అనుమతిపత్రం ఉండాలి.

• జబ్బు నయమవుతుందన్న మాట నమ్మి ఏ మాంసాన్నీ కొనవద్దు. నడుమునొప్పికి, ఉబ్బసానికి వైద్యుణ్ణి సంప్రదించండి.

• గుర్రాలు, గాడిదల అక్రమ వధ కంటపడితే పోలీసులకు, పశుసంవర్ధక శాఖకు తెలియజేయండి. అనుమానాస్పద మాంసం గురించి ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.