గచ్చు వీడిన గోడలు

పాత గోవాలోని బామ్ జీసస్ బాసిలికా పేరు వినగానే ఎర్రని రాతి కట్టడమొకటి మనస్సులో మెదులుతుంది. సమీపంలోని సె కెథడ్రల్, సెయింట్ కాజెటన్ చర్చి తెల్లని సున్నపు గోడలతో నిలిచి ఉండగా, ఇదొక్కటే తన రాతిని దాచుకోకుండా కనిపిస్తుంది. ఈ ఎరుపును ప్రాచీనతకు చిహ్నంగా భావించే యాత్రికులు అనేకులు. నిజానికి ఆ ఎరుపు వయస్సు డెబ్బయి ఏళ్లకు కొంచెం ఎక్కువ, అంతే.

జెస్యూట్లు 1594లో ఈ ఆలయ నిర్మాణాన్ని ప్రారంభించారు. 1605లో ఆర్చిబిషప్ అలెక్సో ది మెనెజెస్ దీనిని ప్రతిష్ఠించాడు. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయమున్న వెండి పేటిక, దాని కింద ఫ్లారెన్స్ శిల్పులు మలచిన పాలరాతి పీఠం, బంగారు పూతతో మెరిసే ప్రధాన వేదిక లోకవిదితాలే. ముఖభాగంలోని శిల్పాలకు వసయి ప్రాంతపు నల్లరాయిని వాడారు. తక్కిన గోడలు స్థానికంగా దొరికే లాటరైటు రాతివి.

ఈ రాతి స్వభావం కొంకణ తీరవాసులకు బాగా తెలుసు. భూమిలో ఉన్నప్పుడు పనిముట్టుతో సులువుగా కోయగలిగినంత మెత్తగా ఉండి, గాలి తగిలిన తరువాత గట్టిపడుతుంది. అయినా దాని నిండా సన్నని రంధ్రాలే. నీరు చొరబడిన కొద్దీ లోపలి మట్టి కరిగిపోతుంది. గోవాలో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అందువల్లనే అక్కడి మేస్త్రీలు గుల్ల సున్నంతో గచ్చు చేసి, పైన వెల్ల వేసేవారు. గచ్చు అరిగితే మళ్లీ పూయవచ్చు. రాయి అరిగితే చేయగలిగింది తక్కువ.

1950 దశకం ఆరంభంలో బల్తజార్ కాస్త్రో అనే పోర్చుగీసు వాస్తుశిల్పి పాత గోవా కట్టడాల పునరుద్ధరణకు వచ్చాడు. స్వదేశంలో మధ్యయుగపు చర్చిల పూతలను తొలగించి రాతిని బయటపెట్టే సంప్రదాయంలో ఆరితేరినవాడు. ఆ పద్ధతినే ఇక్కడా అనుసరించాడు. పోర్చుగల్ ఉత్తరభాగపు కట్టడాలది గ్రానైటు, ఇక్కడిది లాటరైటు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోలేదు. 1952 జేవియర్ మరణానికి నాలుగువందల ఏళ్లు నిండిన సంవత్సరం. స్వతంత్ర భారతం గోవాను అడుగుతున్న కాలం కూడా అదే. తమ పాలన ఎంత పాతదో ప్రపంచానికి చాటుకోవలసిన అవసరం లిస్బన్‌కు అప్పుడు కలిగింది. చర్చికి ముదిమి రూపం తొడగడంలో ఆ అవసరపు నీడ ఉందని నాకు తోస్తుంది.

1961లో గోవా విముక్తమైంది. 1986లో యునెస్కో ఇక్కడి చర్చిలను, మఠాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈలోగా ఎర్రగోడలే బాసిలికా ముఖచిత్రమై పోస్టుకార్డులకు, పర్యాటక ప్రకటనలకు ఎక్కాయి. గోడలు మాత్రం వానకు తడుస్తూ, పొరలు పొరలుగా రాలుతూ వచ్చాయి. 2020లో బాసిలికా రెక్టారు కట్టడం దుస్థితిని బహిరంగంగా ప్రస్తావించడంతో, తిరిగి గచ్చు చేయాలన్న వాదానికి బలం చేకూరింది. తరతరాలుగా ఎర్రగోడలనే చూసిన భక్తులకు తెల్లని బాసిలికా పరాయిదిగా తోచడం సహజం. వారి మమకారాన్ని తేలికగా కొట్టివేయరాదు. కాని వారు ప్రేమిస్తున్న ఆ రాయే ప్రతి వర్షాకాలంలోనూ కొంత చొప్పున తరిగిపోతున్నది. పూత వేయదలిస్తే సిమెంటు పనికిరాదు. అది తేమను గోడలోనే బంధిస్తుంది. గుల్ల సున్నమే కావాలి, దానిని ఓపికగా నానబెట్టి నూరగల పనివారూ కావాలి.