ఇంగ్లిష్ క్లాసులో ప్రపంచ పౌరసత్వం: వాడ నుంచి ఒక ఉత్తరం

2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 4.7 అనే అంశం ఉంది. మానవ హక్కులు, ప్రపంచ పౌరసత్వం గురించి విద్యార్థులందరికీ నేర్పాలని అది చెబుతుంది. మన బడుల్లో ఆ పేరుతో ఎక్కువగా కనిపించేవి జెండాల చార్టు, థర్మోకోల్ భూగోళం. 'వసుధైక కుటుంబం' అని చార్టు మీద రాసిన పిల్ల తన ఊళ్లో గుడి మెట్టు ఎక్కలేకపోతే ఆ ప్రాజెక్టు ఎవరి కోసం?

ఇంగ్లిష్ ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న గురుకులాల, హాస్టళ్ల పిల్లలకు మేము సూచించేది ఉత్తరం రాసే ప్రాజెక్టు. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఒక చిన్న ఉత్తరం రాశారు. అక్కడి నల్లవారి స్థితికీ ఇక్కడి అంటరానివారి స్థితికీ ఎంతో పోలిక ఉందన్నారు. నల్లవారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు రెండు మూడు పంపమని అడిగారు. జూలై 31న డుబోయిస్ జవాబు రాశారు. తానెవరు, ఎందుకు రాస్తున్నారు, ఏం కావాలి: అంబేడ్కర్ ఉత్తరం ఈ వరుసలోనే నడుస్తుంది. పిల్లలకు ఇంతకంటే మంచి నమూనా దొరకదు. (అందులోని 'నీగ్రో' అనే మాట ఇప్పుడు వాడకూడదని టీచర్ ముందే చెప్పాలి.)

తర్వాత పిల్లలు వాడలో పెద్దలను తెలుగులోనే అడిగి రాసుకుని వస్తారు. కుళాయి ఎక్కడిదాకా వచ్చింది, శ్మశానానికి దారి ఉందా, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఎప్పటిదాకా ఉంది. దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడే అసలు పాఠం మొదలవుతుంది. 'గుడిలోకి రానివ్వరు' అని తెలుగులో కర్త లేకుండానే అనేస్తాం. ఇంగ్లిష్‌లో పిల్లలు 'వుయ్ ఆర్ నాట్ అలౌడ్' అని పాసివ్ వాయిస్‌లోకి జారుకుంటారు. ఎవరు అలౌ చేయరు? ఆ కర్తను వాక్యంలో పెట్టించడానికి ఒక పీరియడ్ పట్టినా ఫరవాలేదు.

పెద్ద తరగతుల్లో 'డిసెంట్' అనే ఒక్క మాట మీదే ప్రాజెక్టు చేయించవచ్చు. 1965 నాటి జాతి వివక్ష నిర్మూలన ఒడంబడికలో ఆ మాట ఉంది. పుట్టుకతో వచ్చే వంశం అని అర్థం. భారత్ దాన్ని 1968లో ధ్రువీకరించింది. కులం కూడా ఆ మాట కిందికే వస్తుందని 2002లో ఐరాస కమిటీ చెప్పింది, భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. రెండు వైపులా నిలబడి పిల్లలు వాదించడానికి ఇది చాలు.

ఉత్తరం నిజంగా పోస్టు కావాలి. మండల కార్యాలయానికో, జాతీయ ఎస్సీ కమిషన్‌కో వెళ్లాలి. కానీ సంతకం క్లాసు మొత్తానిది కావాలి, తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. ఊళ్లో పగ పడితే దెబ్బ తినేది ఆ పిల్ల ఇల్లే. తనకు జరిగిన అవమానాన్ని అందరి ముందు చెప్పమని ఏ దళిత విద్యార్థినీ బలవంతపెట్టకూడదు, మార్కుల కోసం అసలే వద్దు.